సామి చెప్పని మాట

26 సెప్టెంబరు 1982, ఆదివారం

వచ్చేశాను. చౌడేపల్లెలో బస్సు దిగి, ట్రంకు పెట్టె భుజానికెత్తుకుని వంక దాటాను. పదహారేళ్ళ వయసులో ఇదే వంక దాటి వెళ్ళిపోయినవాణ్ణి, యాభై మూడేళ్ళ వయసులో తిరిగొస్తే, ఊరి మొదట్లో ఎదురైన ముసలాయన ముందు నా మొహం చూశాడు, తర్వాత పెట్టె చూశాడు. "ఫకీర్ సాహెబు కొడుకువి గదా! పీర్ల పండక్కి ఒచ్చినావా? మంచి పని సేసినావప్పా" అన్నాడు.

పండక్కట! పత్రిక మూతపడింది. నా భార్య సయీదా పోయి మూడేళ్ళయింది. కర్నూల్లో ఇంటి యజమాని సామాను వీధిలో పెడతానన్నాడు. మూఢనమ్మకాల మీద నేను రాస్తున్న పుస్తకంలో చివరి అధ్యాయాలు మిగిలాయి. అక్క దగ్గరైతే రెండు పూటలా ఇంత సంగటి, రాసుకోవడానికి ఇంత నిశ్శబ్దం దొరుకుతాయని వచ్చాను. పండగలకూ పబ్బాలకూ వచ్చే మనిషినా నేను?

ఆపా వాకిట్లోనే ఉంది. నన్ను చూసి ఏడవలేదు. "చిక్కిపోయినావు. నీ పత్రిక నీకు అన్నం పెట్టలేదా?" అంది.

మా అక్క ఫాతిమున్నీసా ఏమీ మారలేదు.

28 సెప్టెంబరు

గంగప్ప వచ్చాడు. పక్కిల్లే. చిన్నప్పుడు నాతో వంకలో ఈదినవాడు, ఇప్పుడు ఊరికి పెద్దమనిషి. అరుగు మీద కూర్చుని, ఆకూ వక్కా నమిలి, తీరిగ్గా అడిగాడు.

"ఏంప్పా జబ్బారూ, ఈ యేడు పీరు ఎత్తేది ఎవురు?"

"నన్నెందుకు అడుగుతావు?"

"ఇంగెవుర్ని అడగల్ల? మీ నాయన ఎత్తినాడు. ఆయప్ప పోయినాక మీ బావ ఎత్తినాడు. ఆయన గూడా మొన్న ఎండాకాలంలో పాయె. ఈ ఇంట్లో మొగోడంటే ఇప్పుడు నువ్వే గదా."

విషయం అప్పుడు తెలిసింది. ఇది మా ఇల్లు కాదు. నేను పుట్టిన ఇల్లు మా ఇల్లు కాదు! ఈ మట్టిమిద్దె, వెనకాల చేను, రెండూ ఊరు పీర్లకిచ్చిన మాన్యం. మొహర్రంలో పీరు ఎత్తే కుటుంబం ఇందులో కాపురం ఉంటుంది. ఎత్తే మగవాడు లేకపోతే ఊరు ఇంకో కుటుంబాన్ని పిలుస్తుంది. కలకడలో ఎవరో సిద్ధంగా ఉన్నారట. వాళ్ళొస్తే ఆపా కుప్పంలో కూతురింటికి పోవాలి.

నేను లేచి నిలబడ్డాను. ఇనాములు రద్దయిన సంగతి చెప్పాను. కోర్టుకెక్కితే ఏమవుతుందో చెప్పాను. ఒక ఇత్తడి చెయ్యిని కర్రకు కట్టి మోసే మనిషి లేడని, చిన్నప్పటి నుంచీ ఈ ఇంట్లో పొయ్యి వెలిగించిన ఆడదాన్ని వీధిలోకి తోస్తారా, ఇదేనా మీ దేవుడి న్యాయం అని అడిగాను. సభలో మాట్లాడినంత గట్టిగా మాట్లాడాను. గంగప్ప తల ఊపుతూ అంతా విన్నాడు.

"నువ్వు సెప్పేదంతా కరెక్టేప్పా. శానా బాగా సెప్పినావు. అయితే ఎత్తేది ఎవురు?"

ఆయన వెళ్ళాక ఆపా తలుపు చాటు నుంచి వచ్చింది. "నేను కుప్పం పోను. అల్లుడింట్లో మంచినీళ్ళు కూడా అడిగి తాగాల" అంది. అంతే. నన్ను ఎత్తమని అడగలేదు. అడిగితే బాగుండేది, కుదరదని చెప్పేసేవాణ్ణి.

1 అక్టోబరు

రాత్రంతా గోడ అవతల దగ్గు. గంగప్ప కోడలు చిన్నమ్మ. మొగుడు బెంగుళూరులో కట్టుబడి పనికి పోయాడు, ఈ పిల్ల అత్తామామల దగ్గర. పొద్దున బావి దగ్గర చూశాను. పాతికేళ్ళు కూడా ఉండవు. చేతులు ఎండిన కందికట్టెల్లా ఉన్నాయి. దగ్గి, ఉమ్మి, చటుక్కున కాలితో మన్ను కప్పింది. ఆ కప్పిన తొందర చూస్తేనే అది నెత్తురని తెలిసిపోయింది. జబ్బకు ఎర్ర దారం, దానికి తాయెత్తు.

తిన్నగా గంగప్ప దగ్గరికి వెళ్ళాను. "ఇది క్షయ. మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపో. రేపే."

గంగప్ప కంటే ముందు ఆయన భార్య తిమ్మక్క జవాబు చెప్పింది. "దిష్టిప్పా. పెండ్లిలో ఎర్రగా బుర్రగా ఉండె, అందురి కండ్లూ దానిమిందే."

"దిష్టికి నెత్తురు పడుతుందా?"

"మా సెంగయ్యని ఆస్పత్రికే తీసకపోయిరి" అన్నాడు గంగప్ప. తన తమ్ముడు చెంగయ్య సంగతి. "బండ్లో కూర్చోని పోయినోడు బండ్లో పండుకోని ఒచ్చె, మొగం మింద గుడ్డ కప్పుకోని. ఆస్పత్రి సంగతి నాకు సెప్పొద్దు."

"అప్పటికీ ఇప్పటికీ తేడా లేదా? ఇప్పుడు సూదులున్నాయి, బిళ్ళలున్నాయి, నయమై ఇంటికొస్తున్నారు జనం."

"నువ్వు డాక్టరువాప్పా?"

"కాదు."

"మరి?"

మరి! ముప్పై ఏళ్ళుగా నా జీవితమంతా ఈ ఒక్క 'మరి' దగ్గర ఆగిపోయింది. చదువుకున్నవాడు చెబితే వినరు. పుస్తకం తెరిచి చూపితే వినరు. తాయెత్తు కట్టినవాడు ఏం చదివాడని అడగరు! అతనికి ఎవరు సర్టిఫికెట్ ఇచ్చారని అడగరు! నేనడుగుతున్నాను, ఈ దేశంలో నిజం చెప్పేవాడికి మాత్రమే సాక్ష్యాలు కావాలా?

ఎవర్నడుగుతున్నాను? ఈ డైరీనా?

2 అక్టోబరు

బళ్ళో పిల్లలకు బొరుగులు పంచారు. రాత్రి మళ్ళీ దగ్గు.

10 అక్టోబరు, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దుటి నుంచి వాన. ఆపా బి.కొత్తకోటలో చావు పలకరింపుకు వెళ్ళింది. మిద్దె కారడం మొదలైంది. సరిగ్గా అటక మీద పీర్ల పెట్టె మీదే ధార. నేను పెట్టె దించాను. దించకపోతే తడిసిపోతుంది. విత్తనాల మూట ఉన్నా దించేవాణ్ణి. తెరిచాను. తెరవకపోతే లోపల తడిసిందో లేదో ఎట్లా తెలుస్తుంది? పట్టుగుడ్డలు తడిశాయి. విప్పాను. తడిగుడ్డల్లో ఎవడైనా ఇత్తడిని వదిలేస్తాడా?

పంజాలు, ఆ ఇత్తడి చేతులు, పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. నాకు అసహ్యం వేసింది. చిలుం పడితే చింతపండుతో తోముతారు. పులుపుకు చిలుం వదులుతుంది, ఇందులో మహత్యం లేదు, రసాయనశాస్త్రం ఉంది. తోమాను. వేళ్ళ సందుల్లో పీచుతో, వెనకవైపు బూడిదతో. చిన్న పంజాలు త్వరగా వచ్చాయి. పెద్దదానికి చాలాసేపు పట్టింది. నాన్న తలుపు మూసుకుని తోమేవాడు, నన్ను లోపలికి రానిచ్చేవాడు కాదు. నేను గడప దగ్గర కూర్చుని ఆ రుద్దే చప్పుడు వినేవాణ్ణి.

దానికీ దీనికీ సంబంధం లేదు.

మధ్యాహ్నం ఎండ కాసింది. వాకిట్లో గోనె పరిచి ఆరబెట్టాను. పెద్ద పంజా అరచేతిలో నా మొహం కనబడింది. అప్పుడే తిమ్మక్క పేడగంపతో వాకిటి ముందుగా పోతోంది. చూసింది. గంప కింద పడేసి, రెండు చేతులూ జోడించి, "సామి దిగినాడు! జబ్బారప్ప చేతికి సామి దిగినాడు!" అని అరుచుకుంటూ వీధంతా పరిగెత్తింది.

11 అక్టోబరు

ఆచారం ఇదట. ఎవరు పీరును కడుగుతారో వాళ్ళే ఆ ఏడు ఎత్తాలి. అందుకే నాన్న తలుపు మూసేవాడు, పొరపాటున కూడా ఇంకో చెయ్యి తగలకూడదని.

"నీకు తెలీదా?" అంది ఆపా.

"తెలీదు."

నిజంగా తెలియదు. నాన్న చెప్పలేదు. చెప్పినా నేను వినలేదు. ఒకవేళ విన్నా ఇన్నేళ్ళకు గుర్తుండదు. తెలియదు.

పొద్దున గంగప్పా, ఇంకో నలుగురూ చక్కెర పట్టుకుని వచ్చారు. మామూలుగా నెలవంక కనిపించాక కడుగుతారట, ఈసారి ముందే కడిగించుకున్నాడంటే సామికి తొందరగా ఉందట. నేను అరిచాను. వాన పడింది, పెట్టె తడిసింది, చిలుం పట్టింది, అందుకని తోమాను, మీ సామి లేడు, తొందరా లేదు, నేను ఏ పీరునూ ఎత్తను!

గంగప్ప మురిసిపోయాడు. "మీ నాయన గూడా ఇట్లే అనేటోడు. నేనేం సేసినానప్పా, ఇత్తడి తోమినాను అనేటోడు. అచ్చం ఆయప్ప మాదిరే."

ఆపా లోపలికి పోయి నవ్వింది. ఈ ఇంటికి వచ్చాక ఆపా నవ్వగా వినడం ఇదే మొదటిసారి. ఇప్పుడు నేను ఎత్తనంటే, ఎత్తేవాడు లేడని కాదు, సామి పిలిస్తే కాదన్నాడని ఆమెను పంపిస్తారు. ముందుకన్నా అధ్వాన్నం.

12 అక్టోబరు

సోమవారం మొదటి బస్సుకు కర్నూలు. నిశ్చయం.

14 అక్టోబరు

బావి దగ్గర చిన్నమ్మ పలకరించింది. బిందె దించి, గిలక స్తంభం పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకుని, అప్పుడు నవ్వింది.

"కాయితాలు కాయితాలు రాస్తాండావంటనే అప్పా. అంత ఏం రాస్తాండావు?"

"మనుషులు తెలివి తెచ్చుకోవాలని."

"తెచ్చుకున్న్యారా?"

ఆ పిల్లకు ఎగతాళి చేసే ఓపిక ఇంకా ఉంది! నేను సూటిగా అడిగాను, నెత్తురు ఎన్నాళ్ళ నుంచి పడుతోందని. ఆమె అటూ ఇటూ చూసింది.

"ఉగాది నించి. మా యత్తతో సెప్పొద్దప్పా, ఉమ్మితే మన్ను కప్పుతాండానని." తర్వాత, "నాకు ఆస్పత్రికి పోవాలనే ఉండాది. నేనంటే ఎవురింటారు? నువ్వు ఇంగో తూరి మా మామతో గెట్టిగా సెప్పరాదా?"

ఇంకో తూరి చెప్పాను. గంగప్ప మర్యాదగా విన్నాడు. పండగ కానీ, పీరుసామినే అడుగుతానన్నాడు. మనిషి నెత్తురు కక్కుతుంటే ఇత్తడిని అడుగుతాడట!

18 అక్టోబరు, సోమవారం

వెళ్ళలేదు. బస్సు వచ్చింది. హారను కూడా విన్నాను.

సాయంత్రం నెలవంక కనిపించింది. చావిడి ముందు గుండం తవ్వడానికి మొదటి గుద్దలి వేశారు. నేను ఒక నిర్ణయానికి వచ్చాను, స్పష్టంగా రాస్తున్నాను: ఎత్తుతాను. నమ్మి కాదు. స్టేషన్లో కూలీ మూట మోసినట్టు మోస్తాను. మూటలో ఏముందో కూలీ నమ్మనక్కర్లేదు. ఆపాకు నెత్తిన మిద్దె ఉండటం కోసం మోస్తాను. ఇది లొంగిపోవడం కాదు.

వాక్కు చెప్పను. పీరు మోసేవాడి నోట దేవుడు మాట్లాడతాడనీ, అడిగినవాళ్ళకు జవాబు చెబుతాడనీ జనం నమ్మకం. వాక్కు చెప్పేవాళ్ళంతా మోసగాళ్ళని రాసినవాణ్ణి నేను. నోరు తెరవను.

ఆపాకు చెప్పాను. ఆ పూట ఒక ముద్ద ఎక్కువ పెట్టింది.

22 అక్టోబరు

సర్దార్ పుంగనూరు నుంచి వచ్చాడు. పిన్ని కొడుకు, బట్టల కొట్టు ఉంది. ఈమధ్య వాళ్ళ కొత్త సంఘం ఒకటి పల్లెల్లో పీర్లు మాన్పిస్తోంది. జేబులోంచి నా పాత పుస్తకం తీశాడు. వాక్కు మీద నేను రాసిందే! గీతలు గీసి మరీ చదివి వినిపించాడు.

"ఇది రాసింది నువ్వే గదా భాయ్? ఇది చదివే నేను మారినాను. ఇప్పుడు నువ్వే ఎత్తుతాండావా? సిగ్గు లేదా?"

"నేను దేవుడే లేడని రాశాను. నువ్వు నీ దేవుడు ఒప్పుకోడని వచ్చావు. నా పుస్తకంతో నీకేం పని?"

"ఏదైతే ఏం? ఆపి తీరాల. మీ నాయనా, బావా చేసినవన్నీ జాహిల్ పనులు, బుద్ధిలేని పనులు. ఆ ఇత్తడి నాకియ్యి. ఆపానీ నిన్నూ నేను సూసుకుంటా. మా మేడ మీద గది ఉండాది."

ఆపా వంటింట్లోంచే అంది, "నీ మేడ మీద నీ కోడలు బట్టలు ఆరేస్తుంది రే సర్దార్. నేను యాడ ఆరాల?"

నా కోపం తారస్థాయికి చేరింది. నాన్నను జాహిల్ అనడానికి వీడెవడు? అనాలంటే నేనంటాను! పొమ్మన్నాను. పోతూ నా పుస్తకం అరుగు మీద పెట్టి పోయాడు. ఇరవై ఏళ్ళలో అంత శ్రద్ధగా నా పుస్తకం చదివిన మనిషి ఇంకొకడు లేడు. అదీ నా గతి.

28 అక్టోబరు, గురువారం

వెలుగుండగానే రాసేయాలి.

తెల్లారి గుండం తొక్కాను. నిప్పుల మీద నడవడంలో మహత్యం లేదని, చురుగ్గా అడుగులేస్తే ఎవడైనా నడవగలడని వ్యాసం రాశాను, రాసినవాణ్ణి నడవకపోతే ఎట్లా? నడిచాను. కాలలేదు. వ్యాసం కరెక్టు. జనం మాత్రం నా పాదాల మీద నీళ్ళు పోసి ఆ నీళ్ళు కళ్ళకద్దుకున్నారు. నా ప్రయోగం వాళ్ళకు మహిమ అయింది!

మధ్యాహ్నం పీర్లను వంకకు తీసుకుపోవాలి. పెద్దపీరు నా చేతికిచ్చారు. వెదురు గడకు పైన పంజా, పూలు, రంగుగుడ్డలు. బరువంతా పైనే. గాలి వీస్తే అదే ఊగుతుంది, దాంతో మనిషీ ఊగుతాడు. ఇది భారకేంద్రం సంగతి. తప్పెట్లు చెవుల పక్కనే మోగుతున్నాయి. ఆపా పొద్దుటి నుంచి పానకం తప్ప ఏమీ ఇవ్వలేదు. ఎండ. ఆకలి. ఊగాను. అందరూ ఊగుతారు.

వీధి మలుపులో గంగప్ప దారికి అడ్డంగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పక్కన తిమ్మక్క. వెనకాల చిన్నమ్మ, తలంటుకుని, పండగ చీర కట్టుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

"సామీ, నా కోడలికి దగ్గు నిల్సల్యా. ఎవురి కండ్లు పడినాయి సామీ? ఏ గాలి సోకినాది? నువ్వే సెప్పల్ల."

నోరు తెరవనని అనుకున్నాను. అనుకున్న మాట నిజం. కానీ నేను బావి దగ్గర చెప్పినప్పుడు, అరుగు మీద చెప్పినప్పుడు, మర్యాదగా తల ఊపి పక్కకు పెట్టిన మనిషి, ఇప్పుడు ఒక వెదురు గడ ముందు మోకరిల్లి అదే సంగతి అడుగుతున్నాడు! నాకు ఒళ్ళు మండిపోయింది.

"నీ కండ్లేరా పడినాయి! నీ ఇంట్లో పిల్ల నెత్తురు కక్కతాంటే దారాలు కట్టి కూసున్న్యావు! రేపు పొద్దున బస్సుకి మదనపల్లె ఆస్పత్రికి తీసకపో! పోకపోతే ఇంగో పండక్కి ఈ పిల్ల ఉండదు, నా ముందరికి నువ్వు రావద్దు!"

తప్పెట్లు ఆగిపోయాయి. గంగప్ప నుదురు నేలకు ఆనించాడు.

"అట్లే సామీ. రేపే పోతా సామీ."

అంతే! ఒక్క ప్రశ్న లేదు. నువ్వు డాక్టరువా అని అడగలేదు. 'మరి' అనలేదు.

ఇక్కడ ఒకటి రాసి పెట్టుకోవాలి. నాకు ఏదీ పూనలేదు. ఆ గొంతు నాదే, ఆ కోపం నాదే. ముప్పై ఏడేళ్ళుగా మాట్లాడని ఈ ఊరి మాట నోట్లోంచి అట్లా ఎందుకు దొర్లిందంటే, కోపంలో చిన్ననాటి భాష వస్తుంది. ఎవరికైనా వస్తుంది. వంక దాకా ఎట్లా నడిచానో గుర్తు లేదు, అది ఆకలి వల్ల.

29 అక్టోబరు

చిన్నమ్మను తీసుకుపోయారు. బస్సెక్కేటప్పుడు నా వైపు చూసి చెయ్యి ఊపింది. తిమ్మక్క ఏడుస్తూ నా కాళ్ళకు దండం పెట్టింది. లేపి నిలబెట్టి చెప్పాను: "అది నేను. జబ్బార్ని. పీరు కాదు, నేనే అరిచాను."

"ఔన్లే అప్పా, నీకేం తెలుసు పాపం. సామి ఒచ్చినప్పుడు మనిసికి గ్యానం ఉండదు" అంది.

వంకలో ముంచి తెచ్చిన పంజాలను ఆపా ఆరబెట్టి, పట్టుగుడ్డలు చుట్టి పెట్టెలో పెట్టింది. ఇక వచ్చే మొహర్రం నెలవంక దాకా తెరవకూడదు. ఆపా ఈ ఇంట్లోనే ఉంటుందని గంగప్ప పోయేముందే చెప్పి పోయాడు. నేను వచ్చిన పని అయిపోయింది.

వచ్చిన పని పుస్తకం రాయడం. అది ఒక్క పేజీ కూడా కాలేదు.

2 నవంబరు

అరుగు మీద జనం. కూతురికి పన్నెండేళ్ళు, సంబంధం వచ్చింది, ఇచ్చేదా అని ఒకడు. బడికి పంపరా అన్నాను. "ఇది సామి మాటేనా?" అన్నాడు. కాదు, నా మాట అన్నాను. "అట్లనా" అని లేచి పోయాడు. ఎంత తేలిగ్గా పోయాడు!

7 నవంబరు, ఆదివారం

గంగప్ప ఆసుపత్రి నుంచి వచ్చాడు. క్షయేనట. సూదులు మొదలుపెట్టారు, నెత్తురు తగ్గిందట, మూడు నెలలు అక్కడే ఉండాలన్నారట.

"రేపు పోయి పిలుచుకొస్తాప్పా" అన్నాడు.

"ఎవర్ని?"

"కోడల్ని. నెత్తురు నిల్సినాది గదా. శెనక్కాయ పెరికేది ఉండాది, తిమ్మక్క ఒక్కతే యాడ సేస్తాది?"

"మూడు నెలలని డాక్టరు చెప్పాడని నువ్వే అంటివి గదా!"

"డాక్టరు సెప్తాడు, వాని పని అది. సామి తీసకపొమ్మన్న్యాడు, తీసకపోతిని. ఉండమన్ల్యా గదా."

నేను కూర్చోబెట్టి చెప్పాను. మందు మధ్యలో ఆపితే జబ్బు ముదిరి తిరిగి వస్తుందని, అప్పుడు అదే మందు పనిచేయదని, ఇంట్లో మిగతావాళ్ళకూ అంటుకుంటుందని. ఊపిరితిత్తి బొమ్మ నేల మీద గీశాను. బతిమాలాను. తిట్టాను. ఇంత శ్రద్ధగా ఏ సభలోనూ మాట్లాడలేదు. ఆయన బొమ్మ వంగి చూశాడు, బాగుందన్నాడు. "రేపు పదిగంటల బస్సుకి పోతా" అన్నాడు.

లోపలికి వెళ్ళి ఆపాను అడిగాను. "పెట్టె దించు. పీరు చేతిలో పెట్టుకుని వాడికి ఒక్క మాట చెప్పాలి."

ఆపా అటక కింద అడ్డంగా నిలబడింది. "నక్కో జబ్బార్, వద్దు. చుట్టిన పీరును విప్పకూడదు."

"పిల్ల చస్తుంది ఆపా!"

"తెలుసు. నాకూ ఆ పిల్ల కావాల. కానీ నువ్వు నమ్మవు. నమ్మని చేత్తో, నీ పనికోసం, కూలోణ్ణి లేపినట్టు ఆయన్ని లేపుతావా? నేను నమ్ముతాను. దించను." తర్వాత గొంతు తగ్గించి అంది, "చెప్పాల్సింది నువ్వు చెప్పు. నోరు నీదే గదా."

ఎంత సులభంగా అంది! నోరు నాదే. ఈ నోటితో ముప్పై ఏళ్ళు ఏం మాట్లాడానో ఆమెకు తెలుసు. దేవుడు నాకు చెప్పాడనే ప్రతివాడూ దొంగ అన్నాను. జైల్లో పెట్టాలన్నాను. ఊగుతున్నప్పుడు, తప్పెట్ల మధ్య, కోపంలో నోరు జారడం వేరు. ఇది పట్టపగలు, కడుపు నిండా తిని, ఉత్త చేతులతో, తెలిసి తెలిసి.

బయటికి వచ్చాను. గంగప్ప చెప్పులేసుకుంటున్నాడు.

"గంగప్పా."

"ఏంప్పా?"

"పీరుసామి నాకు సెప్పినాడు. సూదులన్నీ అయ్యేదాకా పిల్ల ఆడనే ఉండల్లంట."

ఆయన చెప్పులు విడిచేశాడు. "ఎప్పుడు సెప్పినాడప్పా?"

"ఇప్పుడే. లోపల."

లోపల నుంచి ఆపా కదిలిన చప్పుడు లేదు. గంగప్ప చేతులు జోడించాడు, నాకు. "ఆ మాట ముందే సెప్పకూడదా. ఇంతసేపూ బొమ్మలు గీస్తాంటివి" అన్నాడు. శెనక్కాయకు కూలోళ్ళను పెట్టుకుంటానన్నాడు. పిల్ల పేరు మీద సామికి కోడిని ఇస్తానన్నాడు.

సిగ్గుతో నా చెవులు కాలిపోతున్నాయి. కోడి వద్దన్నాను. ఆ కోడి పెట్టే గుడ్లు పట్టుకుపోయి చిన్నమ్మకు రోజుకొకటి పెట్టమన్నాను.

"అది గూడా సామే సెప్పినాడా?"

"ఔను" అన్నాను. "పాలు గూడా సెప్పినాడు."